బెంచీ ఎక్కిన పిల్లలు

మన బడుల్లో బెంచీ ఎక్కించడం శిక్ష. గోడకుర్చీ, గుంజీళ్ళు, ఎండలో మోకాళ్ళ మీద నిలబెట్టడం ఏ వరసలోవో, అదీ ఆ వరసలోదే. ఎక్కం అప్పజెప్పలేనివాణ్ణి అయ్యవారు ‘ఎక్కరా బెంచీ’ అంటే వాడు తల వంచుకుని ఎక్కుతాడు. కింద కూచున్న క్లాసంతా తలెత్తి చూస్తుంది. మార్కాపురం, కంభం, గిద్దలూరు, ఎక్కడి బడిలో చదివినవాళ్ళకైనా దీని గురించి వేరే చెప్పనక్కర్లేదు. 1989లో అమెరికాలో విడుదలైన ‘డెడ్ పొయెట్స్ సొసైటీ’ సినిమా ఆఖర్న పిల్లలు తమంతట తామే బెంచీలు ఎక్కుతారు. దిగండి, కూచోండి అని హెడ్‌మాస్టరు అరుస్తూనే ఉంటాడు, వాళ్ళు ఒకరి తర్వాత ఒకరు ఎక్కుతూనే ఉంటారు. ఆ దృశ్యం అమెరికా వాడికి ఎంత తెలుస్తుందో, మనకు అంతకంటే ఒక పిసరు ఎక్కువే తెలుస్తుందని నా నమ్మకం.

ముగింపు ముందే చెప్పేశాడేమిటని విసుక్కోవద్దు. ఇది ముగింపు తెలిసి రెండోసారి చూస్తేనే పనితనం బయటపడే రకం సినిమా. మొదటిసారి చూసినప్పుడు కన్నీళ్ళొస్తాయి. రెండోసారి చూస్తే ఆ కన్నీళ్ళకు కాలవ ఎక్కణ్ణుంచి తవ్వుకొచ్చారో కనబడుతుంది.

కథ చిన్నది. 1959వ సంవత్సరం. వెర్మాంట్ రాష్ట్రంలో వెల్టన్ అకాడమీ అనే మగపిల్లల హాస్టలు బడి. పెట్టి నూరేళ్ళయింది. సంప్రదాయం, గౌరవం, క్రమశిక్షణ, శ్రేష్ఠత అన్న నాలుగు మాటల్ని జెండాల మీద కుట్టించి ఊరేగించే బడి. అక్కడే చదివిపోయిన జాన్ కీటింగ్ ఇంగ్లీషు చెప్పడానికి తిరిగొస్తాడు. ఆయన పాఠాలతో ఊపొచ్చిన ఏడుగురు కుర్రాళ్ళు రాత్రిళ్ళు దొంగచాటుగా బయటపడి, అడవిలో ఒక గుహలో చేరి పద్యాలు చదువుకుంటారు. అందులో నీల్ పెర్రీ అనేవాడికి నాటకాల పిచ్చి పట్టుకుంటుంది, తండ్రి వద్దంటాడు, వాడు ప్రాణం తీసుకుంటాడు. నింద మాస్టారి మీద పడుతుంది, ఉద్యోగం పోతుంది. కథ అంతే. మన వాళ్ళలో చాలామందికి ఈ కథ నీడ హిందీ ‘మొహబ్బతే’లో (2000) తెలుసు. అక్కడా ఒక గురుకులం, మూడు స్తంభాలు, అమితాబ్ బచ్చన్ హెడ్‌మాస్టరు. కాకపోతే అందులో షారుఖ్ ఖాన్ ఫిడేలు వాయించి ప్రేమ పాఠాలు చెబుతాడు, అది వేరే సంగతి.

ఈ సినిమా గురించి ఎవరు మాట్లాడినా కీటింగ్ నోటి మాటలే చెబుతారు. వాటిని కాఫీ కప్పుల మీదా టీషర్టుల మీదా అచ్చేసి అమ్మారు కూడా. నాకు మాత్రం ఇది మాటల సినిమా అనిపించదు. ఇది కాళ్ళ సినిమా. కీటింగ్ చెప్పే ప్రతి పాఠమూ ఒక నడక, లేదా ఒక పరుగు, ఒక తన్ను, ఒక నిలబడటం. వాల్ట్ విట్మన్, రాబర్ట్ హెరిక్ అనే కవులెవరో తెలియని మన ఇంటర్ కుర్రాడు సబ్‌టైటిల్స్ సగం వదిలేసి చూసినా ఈ సినిమా వాడికి అందుతుంది. దర్శకుడు పీటర్ వియర్ అలా తీశాడు. ఆస్ట్రేలియా వాడు. ‘పిక్నిక్ ఎట్ హ్యాంగింగ్ రాక్’ తీసినవాడు. బడి యూనిఫాంలో ఉన్న పిల్లల్ని ప్రకృతి ఎలా లాగేస్తుందో అంతకుముందే ఒకసారి తీసి చూపించినవాడు.

మొదటి దృశ్యం చూడండి. చర్చి లాంటి పెద్ద హాలు. ఒక తల్లి కొడుకు టై సవరిస్తూ ఉంటుంది. కొవ్వొత్తి వెలుగుతుంది, ఆ మంట ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి మారుతుంది. బ్యాగ్‌పైపుల మోతలో పిల్లలు జెండాలు పట్టుకుని అడుగులో అడుగు వేసుకుంటూ నడుస్తారు. ఇక్కడ నటన ఏమీ లేదు, నడిపించడమే ఉంది. తర్వాత హెడ్‌మాస్టర్ నోలన్ లేచి, పోయిన ఏడాది మా బడి నుంచి వెళ్ళినవాళ్ళలో నూటికి డెబ్బై ఐదు మందికి పైగా దేశంలోని పేరున్న యూనివర్సిటీల్లో చేరారని ప్రకటిస్తాడు. తల్లిదండ్రులు చప్పట్లు. ఈ చప్పట్లు మనం వినని చప్పట్లేమీ కాదు. మే నెలలో మార్కాపురం బస్టాండు దగ్గర నిలబడి చుట్టూ ఉన్న ఫ్లెక్సీలు చూస్తే చాలు, ర్యాంకు నంబరు ఎంత పెద్దగా ఉంటే పిల్లవాడి ముఖం అంత చిన్నగా ఉంటుంది. వియర్ ఆ హాలును వెక్కిరించడు, ఇదే ఆయన గొప్పతనం. కెమెరామన్ జాన్ సీల్ దాన్ని చాలా అందంగా, వెచ్చగా తీశాడు. ఆ కొవ్వొత్తుల వెలుగులో ఆ బడిలో మన పిల్లవాణ్ణి చేర్పించాలనిపిస్తుంది. అలా అనిపించకపోతే సినిమా మొదటి పది నిమిషాల్లోనే ఓడిపోయేది. చెడ్డ బడి మీద తిరగబడటంలో ఏముంది? మంచి పేరున్న, అందమైన, ఫలితాలొచ్చే బడి మీద తిరగబడటమే కష్టం.

ఆ తర్వాత ఎడిటింగులో ఒక చిన్న పని ఉంది. ఊరి బయట పొలంలో పక్షుల గుంపు ఒక్కసారి లేస్తుంది, వాటి రొద చెవులు గింగిర్లెత్తిస్తుంది. ఆ రొద తెగకుండానే మెట్ల మీద పడుతూ లేస్తూ దిగే పిల్లల రొదగా మారిపోతుంది. మాట లేదు, వ్యాఖ్యానం లేదు. బయట ఎగిరేది, లోపల దిగేది ఒకటేనని చెవికి తెలుస్తుంది. వెనకే మొదటిరోజు క్లాసులు వస్తాయి. కెమిస్ట్రీ మాస్టారు హోంవర్కు లెక్క చెబుతాడు, ట్రిగనామెట్రీ మాస్టారు అది ఎగ్గొడితే మార్కు కోస్తానంటాడు, లాటిన్ మాస్టారు విభక్తులు వల్లె వేయిస్తాడు. రామశబ్దం వల్లించినవాళ్ళకు ఈ ఆఖరిది చూడగానే నవ్వొస్తుంది.

ఇంతలో కీటింగ్ వస్తాడు. ఎలా వస్తాడు? ఈల వేసుకుంటూ ఒక తలుపులోంచి వచ్చి, క్లాసు మధ్యలోంచి నడిచి, ఇంకో తలుపులోంచి బయటికి పోతాడు. పిల్లలు బొమ్మల్లా కూచుంటారు. లేవాలా, కూచోవాలా? వాళ్ళ జీవితంలో మొదటిసారి ఏం చేయాలో ఎవరూ చెప్పలేదు. ఆయన తలుపులోంచి తల పెట్టి రమ్మంటేగానీ కదలరు. మాస్టారి మొదటి పాఠం వాళ్ళను కుర్చీల్లోంచి లేపడం. నడవాలో పాత విద్యార్థుల ఫొటోల దగ్గరకు తీసుకెళ్ళి, ఒంగి ఆ ముఖాల్ని చూడమంటాడు. పిల్లలు అద్దానికి ముక్కులు ఆనించేంత దగ్గరగా వంగుతారు. కెమెరా అద్దంలోని ఆ పాత కుర్రాళ్ళ ముఖాల మీద ఆగుతుంది, కీటింగ్ గొంతు వెనక నుంచి గుసగుసగా వినబడుతుంది. కీటింగ్ వేషం వేసిన రాబిన్ విలియమ్స్ అప్పటికి నవ్వించడంలో తుఫాను లాంటివాడు. అలాంటివాడి చేత గుసగుసలాడించడం దర్శకుడి పని. షేక్స్పియర్‌ని సినిమా హీరోల గొంతులతో చదివే చోట మాత్రం కాసేపు కళ్ళెం వదిలాడు. తక్కిన చోట్ల ఆయన మీద కంటే వింటున్న పిల్లల ముఖాల మీదే కెమెరా ఎక్కువ సేపు ఉంటుంది. పాఠం ఎలా ఉందో తెలియాలంటే మాస్టారిని చూడనక్కర్లేదు, మూడో వరసలో కుర్రాణ్ణి చూస్తే చాలు. ఈ సంగతి ఏ అయ్యవారికైనా తెలుసు, సినిమా వాళ్ళకే తరచుగా తెలియదు.

పేజీ చించే దృశ్యం గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. కవిత్వం గొప్పదనాన్ని గ్రాఫు గీసి కొలవొచ్చని ఒక పండితుడు రాసిన ముందుమాట. నీల్ పైకి చదువుతుంటే కీటింగ్ బోర్డు మీద ఆ గ్రాఫు గీస్తాడు. అడ్డగీత, నిలువుగీత. పిల్లలు నోటుబుక్కుల్లోకి ఎక్కించుకుంటారు. గీసేసి, ఇదంతా చెత్త, చించేయండి అంటాడు. మార్కాపురం పలకల ఊరు. మన గనుల రాయి దేశమంతా బడిపిల్లల ఒళ్ళోకి పోయింది. రాసింది తుడిపేయడం మనకు ఓనమాల నాటి నుంచీ అలవాటే. కానీ అచ్చయిన పుస్తకం! కాలికి తగిలితే కళ్ళకద్దుకునే మనకు, చరచర చిరుగుతున్న ఆ చప్పుడు గుండెల్లో పడుతుంది. అమెరికాలో అది అల్లరి, మనకు అపచారం. పిల్లలు కూడా భయపడతారు. మొదట చించేవాడు చార్లీ డాల్టన్, డబ్బున్న ఇంటి పిల్లవాడు, పోతే పోయేదేమీ లేనివాడు. కామెరాన్ అనే కుర్రాడు మాత్రం స్కేలు పెట్టి, అంచు వంకర పోకుండా, నీటుగా చించుతాడు. తిరగబడమన్నా సరే వాడు క్రమశిక్షణతోనే తిరగబడతాడు. ఒక్క స్కేలుతో మనిషి మొత్తం గీసేశారు. చివర్న మాస్టారిదే తప్పని కాగితం మీద సంతకం పెట్టేవాళ్ళలో మొదటివాడు ఎవరో ఆ స్కేలు చూసినప్పుడే తెలిసిపోవాలి. తెలియదు, రెండోసారి చూస్తే తెలుస్తుంది. స్క్రీన్‌ప్లే రాసిన టామ్ షుల్మన్‌కు ఆస్కార్ ఇచ్చింది ఇలాంటి పనికే అనుకుంటాను. ఆయన చిన్నప్పుడు నాష్‌విల్‌లో ఇలాంటి బడిలోనే చదివాడు, అక్కడి ఇంగ్లీషు మాస్టారొకాయన కీటింగ్‌కు మూలం.

నడక పాఠం ఇంకో మచ్చుతునక. ముగ్గురు కుర్రాళ్ళను పెరట్లో గుండ్రంగా నడవమంటాడు. ఎవరి తీరున వాళ్ళు మొదలుపెడతారు. నాలుగడుగులు పడేసరికి ముగ్గురి కాళ్ళూ ఒకే తాళంలోకి వచ్చేస్తాయి. చూస్తున్నవాళ్ళు చప్పట్లు అందుకుంటారు. ఎవరూ లెఫ్ట్ రైట్ అనలేదు. ఆజ్ఞ లేకుండానే కవాతు తయారయింది. గుంపులో పడితే మనం ఎలా ఒకటైపోతామో చెప్పడానికి ఇంతకంటే చిన్న ప్రయోగం ఉండదు. ఆగస్టు పదిహేనుకు డ్రిల్లు చేయించే మన పి.ఇ.టి. సార్లు ఇది చూసి ఏమంటారో వినాలని ఉంది. తర్వాత కీటింగ్ అందరినీ ఇష్టం వచ్చినట్టు నడవమంటాడు. చార్లీ గోడకు ఆనుకుని నిలబడి, నడవకపోవడం నా నడక అంటాడు. పైన కిటికీలోంచి హెడ్‌మాస్టరు చూస్తూ ఉంటాడు. ఒక్క దృశ్యంలో మూడు ఎత్తులు: నడిచేవాళ్ళు, నడవనివాడు, నడిపించేవాడు.

అలాగే బంతి పాఠం. ఒక్కొక్కరు ఒక పద్యపాదం గట్టిగా చదివి బంతిని తన్నాలి. గొంతు పెగలనివాడికి కాలు దారి చూపిస్తుంది. ఆఖర్న పిల్లలు మాస్టారిని భుజాల మీద ఎత్తుకుంటే బీథోవెన్ తొమ్మిదో సింఫనీ మోగుతుంది. ఇది కొంచెం ఎక్కువయిందని నాకు అనిపిస్తుంది, కానీ ఫరవాలేదు, తర్వాత రాబోయే చలికి ఈ మాత్రం ఎండ ముందుగా ఉండాలి.

బెంచీ పాఠం ముగింపుకు చాలా ముందే వస్తుంది. కీటింగ్ తన బల్ల ఎక్కి నిలబడి, ఇక్కడి నుంచి లోకం వేరుగా కనబడుతుందని పిల్లల్ని వరసగా ఎక్కిస్తాడు. అప్పటికి అది ఒక ఆట. ఇందులో వియర్ విత్తనం పాతిపెడుతున్నాడని అనుమానం రానివ్వడు. టాడ్ ఆండర్సన్ అనే బిడియస్తుడు కూడా ఎక్కుతాడు, దిగుతాడు, అంతే.

ఈ టాడ్ పాత్ర వేసింది ఈథన్ హాక్, అప్పటికి చిన్న కుర్రాడు. వీడి చేత కీటింగ్ కవిత చెప్పించే ఘట్టం సినిమాకు నడుము. పద్యం రాసుకు రాలేదని వణుకుతున్న పిల్లవాణ్ణి బోర్డు దగ్గరికి లాగి, అరిపించి, గోడమీది విట్మన్ బొమ్మను చూసి ఏది తోస్తే అది చెప్పమని, కళ్ళు మూసి గిరగిరా తిప్పుతాడు. కెమెరా వాళ్ళిద్దరి చుట్టూ తిరుగుతుంది. క్లాసు గోడలు, కిటికీలు, నవ్వే ముఖాలు చెదిరిపోతాయి, ఇద్దరే మిగులుతారు. మాట ఊడిపడుతుంది, తర్వాత ఇంకోటి. నవ్విన క్లాసు నోరు మూసుకుంటుంది. మాస్టారు నిశ్శబ్దంగా కిందికి జరిగిపోతాడు. కెమెరా ఆగేసరికి పిల్లవాడు ఒంటరిగా, నిటారుగా నిలబడి ఉంటాడు. నిలబడటం వాడికి అక్కడ వచ్చింది. కుండ సారె మీద నిలిచినట్టు నిలిచాడు.

గుహ సంగతి త్వరగా చెప్పేస్తాను. పొగమంచులో ముసుగులు కప్పుకుని కుర్రాళ్ళు అడవి గుండా పరిగెత్తే ఆ నీలిరాత్రి చాలా అందంగా ఉంటుంది. మారిస్ జార్ సంగీతం దానికి ప్రాణం. గుహలో జరిగేది అంత గొప్పగా ఉండదు. సిగరెట్లు, దయ్యం కథలు, సాక్సఫోను. నల్లమల అంచున పెరిగినవాళ్ళకు అడవిలో రాత్రి కూచోవడం అంత అబ్బురం కూడా కాదు.

నాకు అన్నిటికంటే ఎక్కువ నచ్చిన పనితనం నీల్ తండ్రి పాత్రలో ఉంది. కర్ట్‌వుడ్ స్మిత్ వేశాడు. ఈయన దుర్మార్గుడు కాదు. చార్లీ వాళ్ళలా మేం డబ్బున్నవాళ్ళం కాదని నీలే చెబుతాడు. తండ్రి తనకు లేని చదువు కొడుక్కు కొని పెట్టాలనుకున్నాడు. కొడుకు డాక్టరు కావాలి, తర్వాత ఏమన్నా చేసుకోవచ్చు. ఈ మాట వినని ఇల్లు మన మార్కాపురం వైపు ఉందా? వాన లేక, బోరు ఎండి, వెలిగొండ ప్రాజెక్టు నీళ్ళ కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూస్తున్న నేలలో, పలకల గనిలో పనిచేసో, బెంగుళూరు పోయి బేల్దారి పనికి నిలబడో, ఫీజు కట్టే తండ్రులకు పెర్రీ పరాయివాడేమీ కాదు. వియర్ ఆయనకు ఒక్క షాట్ ఇచ్చాడు, అది చాలు. నాటకం చూసి కొడుకును ఇంటికి లాక్కొచ్చిన రాత్రి, నిద్రకు ముందు, ఆయన తన చెప్పులు రెండూ మంచం పక్కన సరిగ్గా జంటగా, అంచుకు అంచు కలిపి పెట్టుకుంటాడు. ఇంత గొడవ జరిగిన రాత్రి కూడా చెప్పులు వంకర పోలేదు. అదే ఇంట్లో పై గదిలో కొడుకు చొక్కా లేకుండా, తను వేసిన వేషం తాలూకు కొమ్మల కిరీటం పెట్టుకుని, మంచులోకి కిటికీ తెరుస్తాడు. తర్వాత మెట్లు దిగుతాడు. జరిగింది మనకు చూపించరు. తండ్రి ఉలిక్కిపడి లేవడం చూపిస్తారు. చావును తెరమీదికి తేకుండా, ఆ చెప్పుల క్రమం నుంచి ఆ తండ్రి గావుకేక దాకా ఒక గీత గీసిన తీరు చూస్తే, దర్శకుడు ఎవరినీ వేలెత్తి చూపలేదని తెలుస్తుంది. నిందను వదిలి శోకాన్ని తీశాడు.

మరునాటి పొద్దున టాడ్‌కు కబురు తెలిసే దృశ్యం ఇంకా గొప్పది. మంచు కురుస్తూ ఉంటుంది. వాడు బయటికి నడుస్తాడు, ఎంత బాగుందో అంటాడు, వాంతి చేసుకుంటాడు, తర్వాత తెల్లటి వాలు మీద జారుతూ పడుతూ నీళ్ళ వైపు పరిగెత్తుతాడు. కెమెరా దగ్గరికి పోదు. ముఖంలో ఏడుపు చూపించదు. అంత తెల్లదనంలో తూలిపోతున్న ఒక చిన్న నల్లటి మనిషి, అంతే. మన సినిమాల్లో అయితే ఇక్కడ మూడు క్లోజప్పులు, ఒక పాట ఖాయం.

ఈ పట్టు ఎలా కుదిరిందంటే, కథ జరిగే వరసలోనే షూటింగు జరిపారు. మామూలుగా లొకేషన్ వీలును బట్టి ముందువి వెనకా, వెనకవి ముందూ తీస్తారు. ఇక్కడ డెలావేర్‌లోని సెయింట్ ఆండ్రూస్ స్కూల్లో, 1988 చివర్లో ఆకురాలే కాలం నుంచి చలిలోకి నడుస్తూ తీశారు. అందుకే చివరికొచ్చేసరికి ఆ కుర్రాళ్ళ ముఖాల్లో కాలం గడిచినట్టుంటుంది, మేకప్‌తో అది రాదు. ఇంకోటి, స్క్రిప్టు మొదట రాసినప్పుడు కీటింగ్ ప్రాణాంతకమైన జబ్బు మనిషి. వియర్ ఆ జబ్బును కొట్టేశాడు. చావబోయేవాడి మీద జాలితో పిల్లలు నిలబడితే అది సానుభూతి. బతికి, బాగున్న మాస్టారి కోసం, ఉద్యోగం పోయిన మాస్టారి కోసం నిలబడితే ఆ లెక్క వేరు. సినిమా మొత్తాన్ని ఆ ఒక్క కత్తెర కాపాడింది.

లోపాలు లేకపోలేదు. పేరుమోసిన విమర్శకుడు రోజర్ ఎబర్ట్ దీనికి రెండు నక్షత్రాలే ఇచ్చాడు. కీటింగ్ క్లాసులో కవిత్వం నిజంగా ఎంత చదివించాడంటే జవాబు చెప్పడం కష్టమే. ఆడపిల్లలు ఉన్నారంటే ఉన్నారు. గుహ కుర్రాళ్ళలో నాక్స్ అనేవాడి ప్రేమకథ అక్కడక్కడ ఇబ్బంది పెడుతుంది, ఈ కాలపు కళ్ళకు మరీను. కానీ కీటింగ్‌ను గుడ్డిగా నమ్మమని సినిమా చెప్పదు. హెడ్‌మాస్టర్ని సభలో అందరి ముందూ ఆట పట్టించి దెబ్బలు తిన్న చార్లీని కీటింగ్ మెచ్చుకోడు, తిడతాడు. తెగువకూ తెలివితక్కువతనానికీ తేడా తెలుసుకోమంటాడు. అభిమానులు మరిచిపోయే దృశ్యం ఇది.

తెలుగులో మాస్టార్ల సినిమాలకు కొదవలేదు. ‘బడి పంతులు’ (1972) నుంచీ ఉన్నాయి. ఈ మధ్య వచ్చినవాటిలో వెంకీ అట్లూరి ‘సార్’ (2023) చదువును సరుకు చేసినవాళ్ళ మీద కోపంతో తీసింది. నందకిషోర్ ఈమాని ‘35 చిన్న కథ కాదు’ (2024) తిరుపతిలో జరుగుతుంది. సున్నాకు విలువ లేనప్పుడు ఒకటి పక్కన చేరగానే పది ఎలా అవుతుందని అడిగే అరుణ్ అనే పిల్లవాడు, వాణ్ణి ‘జీరో’ అని పిలిచే లెక్కల మాస్టారు, కొడుకు కోసం మళ్ళీ పుస్తకం పట్టే తల్లి సరస్వతి. ఆ తల్లిగా నివేదా థామస్‌కు తెలంగాణ గద్దర్ అవార్డు వచ్చింది, న్యాయంగా వచ్చింది. మన గడ్డ మీద, మన క్లాసు గదిలో, ప్రశ్న అడిగినవాడి పక్షాన నిలబడ్డ సినిమాల్లో అదే నాకు ఇష్టమైనది. అయినా ఒక మాట చెప్పాలి. మన సినిమాల్లో మాస్టారి గెలుపు చివరికి మార్కుల్లోనే తేలుతుంది. ‘సార్’లో పిల్లలు పాసయి చూపించాలి. ‘35’లో ఆ గీత దాటాలి, సినిమా పేరే పాసు మార్కు. మార్కుల బడికి మార్కులతోనే జవాబు. మనకు అది తప్పదేమో, ఇక్కడ పాసు కావడం అంటే పొట్టకూటి సంగతి. వెల్టన్ కథ మాత్రం మార్కుల్లో తేలదు.

ఇక ఆ ఆఖరి దృశ్యం. కీటింగ్ పోయాక ఇంగ్లీషు క్లాసు హెడ్‌మాస్టరే తీసుకుంటాడు. ఆ గ్రాఫు ముందుమాటే చదవమంటాడు. పేజీ లేదు సార్, చిరిగిపోయింది. ఇంకొకడి పుస్తకం తీసుకో. అన్నిట్లోనూ చిరిగిపోయింది సార్. తన పుస్తకం కామెరాన్ చేతిలో పెట్టి చదవమంటాడు. స్కేలు కుర్రాడు చదవడం మొదలుపెడతాడు. అప్పటికే తన సామాను కోసం వచ్చిన కీటింగ్ గదిలోంచి పోతూ తలుపు దగ్గరికి చేరతాడు. అప్పుడు టాడ్ బల్ల ఎక్కుతాడు, మాస్టారిని ఆయన కోరిన పిలుపుతో పిలుస్తాడు. తర్వాత గుహ కుర్రాళ్ళు నాక్స్, పిట్స్, మీక్స్. చూడవలసింది ఏమిటంటే అందరూ ఎక్కరు. దాదాపు సగం మంది తల వంచుకుని కూచునే ఉంటారు, కామెరాన్ కూచునే ఉంటాడు. అందరూ ఎక్కితే అది మళ్ళీ కవాతు అయ్యేది. పాతిపెట్టిన విత్తనాలన్నీ ఇక్కడ మొలిచాయి. చిరిగిన పేజీ, స్కేలు, బల్ల, నడక. మొదటి సభలో బడి గొప్ప కోసం మోగిన బ్యాగ్‌పైపులే ఇప్పుడు బడి వెళ్ళగొట్టిన మనిషి కోసం మోగుతాయి. చిట్టచివరి ఫ్రేము నిలబడ్డ ఇంకో కుర్రాడి రెండు కాళ్ళ మధ్య నుంచి కనిపించే టాడ్ ముఖం. ముఖం కోసం కాళ్ళను చట్రం చేసిన ముగింపు నేను మరెక్కడా చూడలేదు.

మన ప్రభుత్వ హైస్కూళ్ళలో ఇప్పుడు పెద్ద డిజిటల్ ప్యానెళ్ళు ఉన్నాయి. పాఠాల వీడియోలు అయిపోయిన ఒక శనివారం మధ్యాహ్నం తొమ్మిది, పది తరగతులకు ఈ సినిమా వేయండి, రెండు గంటల ఎనిమిది నిమిషాలు. వేసే ముందు అయ్యవార్లు తాము ఒకసారి చూడాలి, నీల్ ఘట్టం దగ్గర ఆపి పిల్లలతో మాట్లాడాలి, దిగులుగా ఉన్నవాళ్ళు టెలీ మానస్ 14416కు ఎప్పుడైనా ఫోను చేయొచ్చని చెప్పాలి. తల్లిదండ్రులను కూడా పిలవండి. పదో తరగతి ఫలితాలు రాకముందే, హాస్టలుకు అడ్వాన్సు కట్టకముందే పిలవండి.